ఆఫీసులో డిజిటల్ సంతకం: ఎక్కడ కావాలి, ఎక్కడ చెల్లదు

సమస్య: ప్రతి కాగితానికీ డాంగిల్ (డిజిటల్ సంతకం పెట్టడానికి వాడే, పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ పరికరం) కోసం వెతుకులాట. సార్ ఊళ్లో లేకపోతే సెలవు చీటీ కూడా ఆగిపోతుంది.
కారణం: దేనికి డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్, ఆ డాంగిల్‌లో ఉండేది) కావాలో ఎవరూ ముందే తేల్చలేదు.
పరిష్కారం: "రేపు ఈ సంతకం నాది కాదని ఎవరైనా అంటే మనకు నష్టమా?" అని అడగండి. అవునంటే పెట్టించండి: అగ్రిమెంట్లు, పెద్ద పర్చేజ్ ఆర్డర్లు అలాంటివే. ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) ఫారాలకు, ఈ-టెండర్లకు ఎలాగూ తప్పదు. సెలవు చీటీకి మెయిల్‌లో ఓకే చాలు.

సమస్య: డాంగిల్ అకౌంటెంట్ డ్రాయర్లో, పిన్ దాని వెనకే.
నేను చూసిన ఒక ఆఫీసులో పిన్ రాసిన చీటీని డైరెక్టర్ గారి డాంగిల్‌కి సెల్లో టేపుతో అతికించారు. ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజు కూడా ఆయన సంతకంతో ఫారం వెళ్లింది. ఎవరికీ దురుద్దేశం లేదు, గడువు దాటకూడదనుకున్నారంతే. కానీ అందులో తప్పు దొర్లి ఉంటే జవాబు చెప్పాల్సింది ఆయనే. నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.
కారణం: డీఎస్‌సీని కంపెనీ రబ్బరు స్టాంపులా చూడటం. అది మనిషిది. ప్రైవేట్ కీని (డాంగిల్‌లో ఉండే, సంతకం పెట్టే రహస్య కోడ్‌ని) కాపాడుకోవాల్సింది ఆ మనిషేనని ఐటీ చట్టం, 2000లోని 42వ సెక్షన్ చెబుతోంది.
పరిష్కారం: ఈరోజే పిన్ మార్చండి. అకౌంటెంట్ సంతకం చేయదగ్గ పనులుంటే బోర్డు తీర్మానం చేసి, ఆయన పేరుతోనే వేరే డీఎస్‌సీ తీయించండి. కీ ఇతరుల చేతిలో పడిందని అనుమానమొస్తే, ఇచ్చిన సంస్థకు వెంటనే చెప్పి రద్దు చేయించండి.

సమస్య: పీడీఎఫ్‌లో సంతకం మీద ప్రశ్నార్థకం.
కారణం: చాలాసార్లు సంతకం బాగానే ఉంటుంది. అడోబ్ రీడర్ 'సీసీఏ ఇండియా' (డీఎస్‌సీలు ఇచ్చే సంస్థలపై ఉండే ప్రభుత్వ నియంత్రణాధికారి) రూట్ సర్టిఫికెట్‌ను, అంటే మిగతా సర్టిఫికెట్లన్నిటికీ మూలమైన దాన్ని, ఇంకా నమ్మడం లేదు.
పరిష్కారం: సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో సర్టిఫికెట్ తెరిచి, వరుసలో అన్నిటికన్నా పైనున్న పేరు అదేనని చూసుకుని, ట్రస్ట్ ట్యాబ్‌లో దాన్ని చేర్చండి. సంతకం తర్వాత ఫైలు మారిందని వస్తే మాత్రం దాన్ని తీసుకోవద్దు. అసలు ఫైలు అడగండి. ప్రింటు తీసి స్కాన్ చేసిన కాపీలో తనిఖీ చేయడానికి ఏమీ మిగలదు.

సమస్య: ట్రస్టు పత్రం మీద డిజిటల్ సంతకం పెట్టేశారు.
కారణం: వీలునామా, ట్రస్టు పత్రం ఐటీ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే ఆ చట్టం వాటికి వర్తించదు.
పరిష్కారం: కాగితం మీద పెన్నుతో మళ్లీ సంతకాలు చేయించండి.

సమస్య: టెండరు చివరి రోజున డీఎస్‌సీ గడువు అయిపోయింది.
పరిష్కారం: ఎవరి డీఎస్‌సీ ఎప్పుడు ముగుస్తుందో ఒక రిజిస్టర్‌లో రాసి, నెల ముందే రెన్యువల్ మొదలుపెట్టండి.