ఒక ఆడమనిషి శీలం మీద మాట మీ దాకా వస్తే ఏం చేయాలి

గ్రూపులో ఎవరో ఒకమ్మాయి గురించి "ఫలానా అబ్బాయితో తిరుగుతోందంట" అని పెట్టారనుకోండి, ముందు ఫార్వర్డ్ మీద నుంచి వేలు తీసేయండి. "నేనేం అనలేదు, వచ్చింది పంపానంతే" అంటే కుదరదండీ, ఖురాన్‌లోని సూరా (అధ్యాయం) నూర్ 15వ ఆయత్ (వాక్యం) సరిగ్గా దీని గురించే, తెలియని సంగతిని నోటినుంచి నోటికి అందుకుని చిన్న విషయం అనుకున్నారు గానీ అల్లాహ్ దగ్గర అది చాలా పెద్దది అని.

ఆ అమ్మాయిని పిలిచి నిజమేనా అని నిలదీయొద్దు. రుజువు తేవాల్సింది అన్నవాడు. అదే సూరా 4వ ఆయత్ ప్రకారం నలుగురు సాక్షులు కావాలి, అదీ కళ్లారా చూసినవాళ్లు, తేలేకపోతే 80 కొరడా దెబ్బలు, ఆపైన వాడి సాక్ష్యం చెల్లదు. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) హయాంలో ఒకాయన మీద ఇలాంటి నింద వేసి ముగ్గురు ఒకే మాట మీద నిలబడ్డారు, నాలుగో ఆయన తేల్చి చెప్పలేకపోయాడు, దెబ్బలు ఆ ముగ్గురికే పడ్డాయి. ఇక మన స్క్రీన్‌షాట్లు, బైక్ మీద చూశానన్న కబుర్లు ఏ మూలకి! మగవాళ్ల మీద నింద వేసినా రూల్ ఇదే.

మరి గ్రూపులో ఏమని రిప్లై ఇవ్వాలి? ప్రవక్త గారి భార్య హజ్రత్ ఆయిషా (రజి) విషయం చూడండి. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి వస్తుంటే హారం పోయిందని వెతకడానికి వెళ్లారు, తేలిగ్గా ఉండేవారు కాబట్టి లోపలే ఉన్నారనుకుని పల్లకీ ఒంటె మీదికెత్తి కదిలిపోయారు, వెనకాల వస్తున్న సఫ్వాన్ (రజి) తన ఒంటె మీద ఎక్కించి తాను నడుస్తూ తీసుకొచ్చారు. అంతే, కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబై వాళ్లిద్దరి మీద నింద అందుకున్నాడు, మదీనాలో నెలరోజుల పాటు అదే గుసగుస. అప్పుడు ప్రవక్త సహచరుడు అబూ అయ్యూబ్ (రజి) తన భార్యతో "నువ్వైతే అలా చేస్తావా?" అన్నారు, చేయనంటే "ఆయిషా నీకంటే మేలు" అన్నారు. సవతి అయ్యుండీ జైనబ్ (రజి) "నాకు ఆమె గురించి మంచి తప్ప తెలీదు" అన్నారు. మీరూ ఆ ఒక్క ముక్క టైప్ చేయండి, చాలు.

ఆల్రెడీ అనేశారా? తౌబా (పశ్చాత్తాపం) ఒక్కటే మనసులో చేసుకుంటే సరిపోదు, ఎక్కడ అన్నారో అక్కడే, అదే గ్రూపులో, "నేనన్నది అబద్ధం" అని రాయండి, మెసేజ్ డిలీట్ చేసి సైలెంట్ అయిపోవడం కాదు. ఆమె చెవిన పడి ఉంటే ఆమెని క్షమాపణ అడగండి, అది ఆమె హక్కు.

ఇక కొరడా శిక్ష ఇస్లామీ కోర్టు పని, మసీదు కమిటీది కాదు, మనది అసలే కాదు. ఇండియాలో ఆమె పరువునష్టం కేసు వేయొచ్చు, భారతీయ న్యాయ సంహిత 356 కింద 2 ఏళ్ల దాకా జైలు.

నింద వేసినవాడు మీ చుట్టమే అయితే ఇంకా ఇబ్బంది. తన చుట్టమైన మిస్తహ్ (రజి) ఆ గుసగుసలో చేరాడని హజ్రత్ అబూబక్ర్ (రజి) అతనికిచ్చే డబ్బు ఆపేస్తానని ఒట్టేసుకున్నారు, ఆయిషా ఆయన సొంత కూతురు మరి. చుట్టాలకు సాయం మానేస్తామని ఒట్టేయొద్దు, క్షమించండి అన్న సూరా నూర్ 22వ ఆయత్ దిగాక మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టారు.