పాపాయి సరిగ్గా తాగట్లేదా? గ్లాసు సంగతి తర్వాత, ముందు డైపర్ చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే ఇంటింటా ఇదే గోల. "చుక్క నీళ్లు ముట్టట్లేదు, ఈ ఎండలకి వీడేమైపోతాడో" అని అమ్మమ్మ, "సగం సీసా పాలు వదిలేశాడమ్మా" అని అమ్మ, మధ్యలో ఒకరు కాళ్లు, ఒకరు చేతులు పట్టుకుని గరిటెడు నీళ్లు పట్టించే ప్రయత్నం. లోపలికి ఎంత పోయిందో అందరూ లెక్కపెడతారు గానీ, బయటికి ఎంత వచ్చిందో చూసేవాళ్లు తక్కువ. అసలు లెక్క తేలేది అక్కడే.

24 గంటల్లో ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తూ, అది లేత రంగులో ఉండి, ఆడుకుంటూ, బరువు పెరుగుతుంటే ఆ బిడ్డకి సరిపడా అందుతున్నట్టే, మీ కళ్లకి ఎంత తక్కువ తాగినట్టు కనిపించినా సరే. ఇప్పటి డైపర్లతో వచ్చిన తంటా ఏంటంటే అవి మొత్తం పీల్చేసుకుంటాయి, తడిసిందో లేదో తెలియదు. ఒక చేత్తో కొత్త డైపర్, ఇంకో చేత్తో విప్పినది పట్టుకుని చూడండి, బరువు తేడా చేతికే తెలుస్తుంది. ఇంకా అనుమానంగా ఉంటే ఒక పూట పాత నూలు లంగోటా కట్టండి. ఎన్నిసార్లు పోశాడు, ఏ రంగులో పోశాడు, రెండూ తేలిపోతాయి.

ఉచ్చ తగ్గింది, ముదురు పసుపుగా, ఘాటు వాసనతో వస్తోంది అంటే మాత్రం నిజంగానే చాలట్లేదు. ఎందుకో ఇప్పుడు వెతుకుదాం.

ఆరు నెలలు నిండలేదు, నీళ్లు పడితే ఊసేస్తోంది

ఊసెయ్యనివ్వండి, పాపదే కరెక్టు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. రెంటచింతల ఎండల్లో ఉన్నా సరే, ఆరు నెలల లోపు బిడ్డకి విడిగా నీళ్లు అక్కర్లేదు. బుజ్జి పొట్ట నీళ్లతో నిండితే పాలు తగ్గుతాయి, మరీ ఎక్కువైతే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. ఎండాకాలం చేయాల్సిందల్లా పాలు ఇంకాస్త తరచుగా ఇవ్వడం, తల్లి పక్కన ఎప్పుడూ ఒక చెంబు నీళ్లు ఉంచుకోవడం.

డబ్బా పాలకీ ఇదే మాట. వేడికి మంచిదని ఇంకో గ్లాసు నీళ్లు పోసి పలచగా కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది వద్దే వద్దు. డబ్బా మీద ఎలా రాసి ఉంటే అలాగే, గీత దాటకుండా కలపాలి.

ఏడెనిమిది నెలలొచ్చాయి, గ్లాసు చూస్తేనే తల తిప్పేస్తున్నాడు

ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఈ వయసులో రోజు మొత్తానికి కావాల్సిన నీళ్లు 120 నుంచి 240 మిల్లీలీటర్లు. అంటే టీ కొట్టు గ్లాసుతో ఒకటి, మహా అయితే రెండు, అది కూడా ఒకేసారి కాదు. మిగతాదంతా పాల నుంచి, తిండి నుంచి వస్తుంది. లీటర్లు లీటర్లు తాగించాలనుకోవడం వల్లే సగం గొడవ.

కారణం చాలాసార్లు నీళ్లు కాదు, పట్టించే తీరు. కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో గొంతులోకి పోసేయడం మన పెద్దవాళ్లకి అలవాటే. అలా చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, పైగా నాలుగు రోజులకి ఆ గిన్నె కనబడగానే ఏడుపు లంకించుకుంటాడు. గిన్నె తప్పేం లేదు, చక్కని వస్తువది. బిడ్డని నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టండి, గిన్నె ముక్కుని కింది పెదవికి ఆనించండి, నీళ్లు పెదవికి తగిలేంత మాత్రమే వంచి ఆగండి. వాడే నాలుక బయటపెట్టి చప్పరిస్తాడు. ఆ చప్పరింత వచ్చేదాకా పోయకూడదు. మొదట్లో సగం గౌనుకే తాగిస్తారు, పర్వాలేదు.

చిన్న స్టీలు గ్లాసుతోనూ ఇంతే. స్ట్రా అలవాటు చేయాలంటే స్ట్రాని నీళ్లలో ముంచి, పై కొసని వేలితో మూసి, కింది కొస నోట్లో పెట్టి వేలు కొంచెం వదలండి. రెండు చుక్కలు పడతాయి, కాసేపటికి తనే పీల్చడం మొదలుపెడుతుంది. అన్నం తినేటప్పుడు మధ్యమధ్యలో రెండు గుక్కలు ఇవ్వండి, భోజనానికి ముందు కాదు. మీరూ తన ఎదురుగా అదే గ్లాసుతో తాగండి, మన చేతిలోది లాక్కోవడం పిల్లల హక్కు కదా. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే, ఫ్రిజ్ చల్లదనం లేనివి.

అయినా మొండికేస్తే నీటిని తిండిలో దాచేయండి. పప్పు కట్టు పలచగా, ఉప్పు లేని మజ్జిగ కలిపిన మెత్తటి అన్నం, గింజలు తీసి చిదిమిన పుచ్చకాయ. తాటి ముంజలు కూడా బ్రహ్మాండంగా పనికొస్తాయి, పై పొర తీసి మెత్తగా నలిపి పెట్టాలి, ముక్కలుగా ఇస్తే జారి గొంతుకి అడ్డం పడతాయి. అప్పుడే కొట్టిన బొండాంలోంచి నాలుగు చెంచాలు ఇవ్వొచ్చు, పాల బదులు కాదు. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు, జ్యూసులూ వద్దు. చిక్కటి రాగిజావ గిన్నెలు గిన్నెలు పెట్టి, పైన పాలు, నీళ్లు తగ్గిపోతే మేక పెంటికల్లా గట్టిగా వెళ్తుంది. అలా వెళ్తుంటే జావ పలచన చేయండి, పాలు ముందు, జావ తర్వాత.

నిన్నటిదాకా బాగా తాగినవాడు ఇవాళ పాలే వద్దంటున్నాడు

ఇది వేరే కథ. ఉన్నట్టుండి మానేశాడంటే ఏదో అడ్డం పడుతోందన్నమాట.

రెండు గుక్కలు లాగి వదిలేసి ఏడుస్తుంటే ముక్కు చూడండి. ముక్కు దిబ్బడేస్తే పిల్లలు పాలు లాగుతూ ఊపిరి తీసుకోలేరు. పాలకి కాస్త ముందు సెలైన్ చుక్కలు వేసి, ముక్కు శుభ్రం చేసి, తల ఎత్తుగా పట్టుకుని ఇవ్వండి. జండూబామ్ లాంటివి పాపాయికి రాయొద్దు. మీరు రాసుకున్నా ఆ ఘాటుకి దగ్గరికి రాకపోవచ్చు, కొత్త సబ్బు, సెంటు వాసనకీ అంతే.

నోట్లో తెల్లటి పూత ఉందా? పాల మరక అయితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పోకుండా అంటుకుని, బలవంతంగా తుడిస్తే ఎర్రగా అయితే అది ఫంగస్, డాక్టర్ మందు రాయాలి. తల్లికీ చనుమొనల దగ్గర మంట ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, ఇద్దరికీ కలిపి వైద్యం చేస్తారు. చిగుళ్లు ఉబ్బి చొంగ కారుస్తుంటే, శుభ్రమైన తడిగుడ్డ ఫ్రిజ్‌లో పెట్టి కాసేపు నమలనిచ్చి తర్వాత పాలు పట్టండి. పడుకోబెట్టి పట్టేటప్పుడే ఎక్కువ ఏడుస్తూ, జ్వరం కూడా ఉంటే చెవిపోటు అనుకోవాలి, దానికి ఇంటి వైద్యం వద్దు, చెవిలో నూనె అసలే వద్దు.

ఏ రోగమూ లేదు, నాలుగైదు నెలల వయసు, ఫ్యాన్ తిరిగినా తల తిప్పి చూస్తోంది అంటే అది పరధ్యానం. టీవీ కట్టేసి, చీకటి గదిలో, నిద్ర మత్తులో ఉండగా ఇవ్వండి. పగలు తగ్గింది రాత్రి తాగేస్తుంది.

సీసా పిల్లలైతే నిపుల్ చూడండి. పీల్చి పీల్చి అలిసి నిద్రపోతుంటే రంధ్రం చిన్నది. పొలమారుతూ, మూతి పక్కనుంచి కారిపోతుంటే పెద్దది. సీసా తలకిందులు చేస్తే చుక్కచుక్కగా పడాలి, ధార కట్టకూడదు.

విరేచనాలు, వాంతులు, పైగా ఏదీ తాగట్లేదు

ఇక్కడ మాత్రం నింపాదిగా ఉండే వీల్లేదు. ఓఆర్‌ఎస్ కావాలి, అంటే ఒంట్లోంచి పోయిన నీళ్లనీ లవణాలనీ తిరిగిచ్చే ద్రావణం. అదీ అసలైన ఓఆర్‌ఎస్. టెట్రా ప్యాకుల్లో రంగురంగుల తీపి నీళ్లని చాలాకాలం అదే పేరుతో అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తీసుకోండి, ఆశా కార్యకర్తని అడిగినా ఇస్తారు. లీటరుకని రాసి ఉంటే లీటరులో, 200 మిల్లీలీటర్లకని ఉంటే అంతలోనే, ప్యాకెట్ మొత్తం ఒకేసారి. సగం పొడి, ఉజ్జాయింపు నీళ్లు పనికిరావు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

రెండేళ్లలోపు పిల్లలకి ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ రెండు మూడు నిమిషాలకో చెంచా. ఇదేం లెక్కని తీసిపారేయకండి, 5 మిల్లీలీటర్ల చెంచా రెండు నిమిషాలకోసారి పడితే గంటలో 150 మిల్లీలీటర్లు లోపలికి పోతాయి. సూది లేని సిరంజి ఉంటే బుగ్గ లోపలి వైపుకి మెల్లగా వదలండి. తల్లిపాలు ఆపొద్దు. జింకు సంగతి డాక్టర్ని అడగండి, విరేచనాలు తగ్గిపోయినా మొత్తం 14 రోజులూ వేయాల్సిన మందది.

మాడు లోపలికి గుంటపడటం, కళ్లు పీక్కుపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, నోరు ఎండిపోవడం, ఆరేడు గంటలుగా ఉచ్చ లేకపోవడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోవడం, విరేచనంలో రక్తం, తాగిందల్లా కక్కేయడం, వేలాడిపోతూ లేపినా సరిగ్గా లేవకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా, చెంచా పక్కన పెట్టి ఆస్పత్రికి బయల్దేరండి, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. తాగగలుగుతుంటే దారిలో ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండండి, మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు.