డిస్కులో చోటున్నా ప్యాకేజీ ఎక్కకపోతే

మా ఉబుంటు సర్వర్‌లో ఏ ప్యాకేజీ ఎక్కించబోయినా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" (డిస్కులో చోటు లేదు) అంటూ, ప్యాకేజీలు ఎక్కించే 'ఆప్ట్' ఆగిపోయేది. డిస్కులో ఎంత చోటుందో చూపే 'డీఎఫ్' ఆదేశం కొడితే డిస్కు సగం ఖాళీ. 'డీఎఫ్ -ఐ' కొట్టాక సంగతి బయటపడింది: ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలు వివరాలు దాచే నమోదులు, 100 శాతం నిండిపోయాయి. ఎంత చిన్న ఫైలుకైనా ఒక ఐనోడ్ కావాలి. లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసేటప్పుడే, మామూలుగా డిస్కులో 16,384 బైట్లకు ఒకటి చొప్పున, వాటి లెక్క ఖాయమైపోతుంది.

ఏ ఫోల్డరు ఎన్ని ఐనోడ్లు వాడుతోందో చెప్పే 'డీయూ --ఐనోడ్స్'తో వెతికితే 'వార్' ఫోల్డరు కింద లక్షల కొద్దీ పాత సెషన్ ఫైళ్లు కనిపించాయి. అన్నిటికీ ఒకేసారి 'ఆర్ఎం' (చెరిపే ఆదేశం) కొడితే జాబితా మరీ పొడవైందని షెల్ (ఆదేశాలు తీసుకునే ప్రోగ్రాం) ఒప్పుకోదు. అందుకే ఫైళ్లు వెతికే 'ఫైండ్'తో వారం దాటినవి ఏరి, '-డిలీట్' తగిలించాను. ముందు '-డిలీట్' లేకుండా నడిపి జాబితా చూసుకోండి, ఇది మాత్రం దయచేసి వదలొద్దు. ఆపైన, ఆప్ట్ వెనక పనిచేసే డీపీకేజీతో 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' కొడితే మధ్యలో ఆగిన ప్యాకేజీలన్నీ పూర్తయ్యాయి.