తనిఖీ ఉన్నా పొంగిన బఫర్: నా డ్రైవర్ అనుభవం
మేము రాసుకున్న లినక్స్ డ్రైవర్‌కు రెండు థ్రెడ్‌ల నుంచి ఒకేసారి ఐఆక్టల్ (ioctl, ప్రోగ్రామ్ డ్రైవర్‌కు ఇచ్చే ఆదేశం) పంపితే, వచ్చే డేటా బఫర్‌లో (తాత్కాలిక మెమరీలో) పడుతుందో లేదో చూసే పొడవు తనిఖీ ఉన్నప్పటికీ, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) అప్పుడప్పుడు పానిక్ అయ్యేది, అంటే కోలుకోలేక ఆగిపోయేది. డివైస్ ఫైల్ అనుమతులు 0666 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు) కావడంతో మామూలు యూజర్ రూట్ (పూర్తి అధికారాలున్న యూజర్) అయ్యే ప్రమాదమూ పొంచి ఉండేది. ర్యామ్ మార్చడం, బఫర్ పెంచడం, కోడ్ నిండా ప్రింట్‌కేలు (printk, కెర్నల్ లాగ్‌లోకి సందేశాలు రాసే పిలుపులు) చల్లడం ఏవీ ఫలించలేదు.

చివరికి కెర్నల్‌ను కాసన్‌తో (KASAN, కెర్నల్‌లోని మెమరీ తప్పులను పట్టే సాధనం) మళ్లీ బిల్డ్ చేసి అదే పరీక్ష నడిపించగా, 4096 బైట్ల రాత హద్దు దాటిందన్న నివేదిక నేరుగా మా హ్యాండ్లర్‌ను (ఆ ఐఆక్టల్‌ను అందుకునే ఫంక్షన్‌ను) చూపింది. పొడవును యూజర్ మెమరీ నుంచి చదివి, 64 బైట్లు మించలేదని చూసి, కాపీకి ముందు మళ్లీ అక్కడి నుంచే చదువుతున్నాం. ఆ సందులో రెండో థ్రెడ్ దాన్ని మార్చేస్తోంది (తప్పు నాదే). పొడవు ఉండే హెడర్‌ను (డేటా ముందు భాగాన్ని) ఒక్కసారే కెర్నల్ మెమరీలోకి తెచ్చుకుని, తనిఖీకీ కాపీకీ ఆ ప్రతినే వాడి, తరువాత అనుమతులను 0660కి (యజమానికీ, గ్రూపుకీ మాత్రమే) తగ్గించాను.

రాత్రంతా నడిపినా నివేదిక రాలేదు. అయితే అసలు తనిఖీయే లేని డ్రైవర్లకు ఈ మందు సరిపోదు.