వైజాగ్‌లో రన్నింగ్ క్లబ్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

టీషర్టులు, వాట్సాప్ గ్రూప్ తర్వాత. ముందు మీరొక్కరే క్లబ్‌కి అనుకున్న టైముకి, అనుకున్న రూట్‌లో పరిగెత్తి చూడండి. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కలుసుకుంటే ఎవరికీ దారి చెప్పక్కర్లేదు, పైగా తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కాసేపు బళ్లు ఆపేస్తారు కాబట్టి కొత్తవాళ్లకి భయం ఉండదు. ఆ టైము దాటితే ఫుట్‌పాత్ ఎక్కాల్సిందే.

– ఉక్కపోతే ఇక్కడ అసలు సమస్య. మే నెలలో ఆరున్నరకే చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఐదుకే మొదలుపెట్టండి, నీళ్లతో పాటు ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో దగ్గరుంచుకోండి. ఎవరికైనా కళ్లు తిరిగి మాట తడబడితే వెంటనే నీడకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

– బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే రావాలి. ఇంట్లోవాళ్ల నంబరు ముందే రాసుకోండి.

– కుక్కలు వెంటపడితే పరిగెత్తకండి, నడవండి.

– అందరికంటే వెనక ఒకరు కచ్చితంగా ఉండాలి. మా మొదటి ఆదివారం అందరం ముందుకి వెళ్లిపోయాం, ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది, మళ్లీ రాలేదు. నాకు ఆ బాధ ఇంకా ఉంది.