రోగనిరోధక పట్టికలు చదవడం - 6వ పాఠం: ఈగల లెక్క, బెల్లం లెక్క

గత పాఠం చివర ఇచ్చిన పట్టిక చాలామందిని బోల్తా కొట్టించింది. అందులో కొంత తప్పు నాది. సీడీ8 కణాల (వైరస్ సోకిన కణాలను చంపే రక్షక కణాలు) గడిని అన్నిటికన్నా ముందు పెట్టాను, అందరి చూపూ అక్కడే ఆగిపోయింది. ఈ వారం యాంటీబాడీల పాఠం మొదలుపెట్టాలి. వచ్చిన జవాబులు చూశాక పాత పట్టికనే మళ్లీ విప్పక తప్పలేదు.

పట్టికలోని ఇద్దరూ నేను కల్పించినవాళ్లే. ఇద్దరికీ హెచ్‌ఐవీ సోకి పదేళ్లయింది, ఇద్దరూ మందులు వాడడం లేదు. మొదటి వ్యక్తి వైరల్ లోడు మిల్లీలీటరు రక్తానికి 50 కాపీల లోపే. రెండో వ్యక్తిది 60,000. అయితే హెచ్‌ఐవీని గుర్తుపట్టి గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేసే సీడీ8 కణాలు రెండో వ్యక్తిలోనే కాస్త ఎక్కువ. మరి మొదటి వ్యక్తి ఒంట్లో వైరస్ ఎందుకు అణిగి ఉంది?

సగానికి పైగా జవాబుల్లో ఒకే మాట: ‘అంకెలు తారుమారయ్యాయి, సరిచూడండి.’ తారుమారు కాలేదు. చంపే కణాలు ఎక్కువుంటే వైరస్ తక్కువుండాలని ముందే తీర్మానించుకుని, దానికి తగ్గట్టు పట్టికను దిద్దేశారు. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే పొరపాటు ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు దీనిమీదే ఉంటాను.

బెల్లం దగ్గర ఈగలు మూగుతాయి. ఈగలను లెక్కపెడితే బెల్లం ఎంత ఉందో సుమారుగా తెలుస్తుంది. సీడీ8 కణాలూ అంతే. వైరస్ కనిపించేకొద్దీ వాటి సంఖ్య పెరుగుతుంది. అంటే ఆ గడిలోని పెద్ద అంకె గెలుపుకు గుర్తు కానక్కరలేదు, ఎదుట శత్రువు ఇంకా చాలా ఉన్నాడనడానికీ గుర్తు కావచ్చు. ‘అయితే సీడీ8 కణాలకు ఈ అదుపుతో సంబంధం లేదా?’ అని అటువైపు దూకకండి. 1999లో, హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టమైన ఎస్‌ఐవీ సోకిన కోతులకు యాంటీబాడీ ఎక్కించి సీడీ8 కణాలను తొలగించి చూశారు. వైరస్ ఎగబాకింది. కణాలు తిరిగి వచ్చాక మళ్లీ దిగింది. వైరస్‌ను అదుపు చేసేది ఆ కణాలే, కాని తలలు లెక్కపెడితే ఆ సంగతి తెలియదు.

మరి దేన్ని చూడాలి? నేనైతే రెండు గడులు వెతుకుతాను. అవి లేని పట్టికను పక్కన పెట్టేస్తాను, ఇది నా అలవాటు. మొదటిది, వైరస్ సోకిన కణం ఎదురైనప్పుడు సీడీ8 కణం వేగంగా విభజన చెంది, ఆ కణాన్ని చంపే ఆయుధాలైన పర్‌ఫోరిన్, గ్రాంజైమ్‌లను నింపుకోగలదా అన్నది. మందుల్లేకుండా అదుపు చేసేవారిలో ఈ సత్తా నిలిచి ఉంటుంది, మిగిలినవారిలో సన్నగిల్లుతుంది.

రెండోది, వైరస్‌లోని ఏ ముక్కను పట్టుకుంటోంది అన్నది. ఇంటి గోడకు సున్నం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, దూలం పీకితే కప్పు కూలుతుంది. హెచ్‌ఐవీ తన పైతొడుగును సున్నం మార్చినంత తేలిగ్గా మార్చేస్తుంది. లోపలి గుల్లను కట్టే పీ24 ప్రోటీన్ దానికి దూలం లాంటిది. ఆ ముక్కలను బయటికి పట్టి చూపే దోసిలి హెచ్‌ఎల్‌ఏ (మూడో పాఠంలో అయిపోయింది, మళ్లీ చెప్పను). బీ57, బీ27 రకాల దోసిళ్లు పీ24 ముక్కలను బాగా చూపుతాయి. 2010లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో వైరస్‌ను అదుపు చేసేవారు 974 మంది, చేయలేనివారు 2,648 మంది జన్యువులను పోల్చారు. గట్టిగా తేలిన తేడాలన్నీ 6వ క్రోమోజోమ్‌పై హెచ్‌ఎల్‌ఏ ఉన్న ప్రాంతంలోనే దొరికాయి.

బీ27 ఉన్నవారిలో వైరస్ తప్పించుకోవాలంటే పీ24లో 264వ స్థానంలోని (అంకెలు పీ24 ఏ పెద్ద ప్రోటీన్‌లో భాగమో ఆ గ్యాగ్ మొదటి నుంచి లెక్కించినవి) ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చుకోవాలి. మార్చుకుంటే కుంటుపడుతుంది. ఆ కుంటితనం పోవాలంటే 173వ స్థానంలో మరో మార్పు కావాలి. రెండూ కుదరడానికి తరచు ఏళ్లు పడుతుంది. అలాగని బీ57 ఉన్నవారందరూ అదుపు చేస్తారని రాయకండి, చాలామంది చేయలేరు.

కొందరు సీసీఆర్5 (హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి వాడుకునే, కణం పైనున్న ప్రోటీన్) లోపం అని రాశారు. అది వైరస్ లోపలికి రావడానికి తలుపే లేకపోవడం. మన ఇద్దరి ఇళ్లలోకీ దొంగ వచ్చేశాడు.

ఒకరు అడిగారు: ‘అలాంటివారికి మందులు అక్కరలేదా?’ 50 కాపీల లోపు తమంతట తాము ఉంచుకోగలిగేవారు వందలో ఒకరికన్నా తక్కువ, వారిలోనూ లోలోపల వాపు లక్షణాలు కనిపిస్తాయి. మన దేశంలో 2017 నుంచి సీడీ4 కణాల (హెచ్‌ఐవీ దెబ్బతీసే రక్షక కణాలు) సంఖ్య ఎంత ఉన్నా హెచ్‌ఐవీ సోకిన అందరికీ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందులు) ఇవ్వాలన్నదే విధానం. పట్టిక చదవడం వచ్చినంత మాత్రాన మాత్రలు ఆపకూడదు.

అభ్యాసం. బీ57 ఉన్న వ్యక్తిలో వైరస్ పీ24లోని 242వ స్థానంలో (ఇదీ గ్యాగ్ లెక్కే) థ్రియోనిన్‌ను వదిలి ఆస్పరజిన్ పెట్టుకుని తప్పించుకుంది, కాని కుంటుతోంది. అదే వైరస్ బీ57 లేని మరొకరికి సోకింది. తర్వాతి ఐదేళ్లలో రెండో వ్యక్తి వైరల్ లోడు ఎలా నడుస్తుందో లాగ్ స్కేలు (ఒక్కో మెట్టూ పది రెట్లు) మీద గీయండి. 242వ స్థానం ఏమవుతుందో గీత కిందే రాయండి. మీ గీత తప్పని తేల్చగల ఒక పరీక్షనూ మీరే సూచించండి. ఆ చివరిది లేని జవాబు దిద్దను.