మొక్కలు కొనేముందు గుంత తవ్వండి

"మూడెకరాలుంది అన్నా, టేకు పెట్టాల్నా, శ్రీగంధం పెట్టాల్నా?" అనంతపురం చుట్టుపక్కల ఈమధ్య ఈ ప్రశ్న బాగా వినిపిస్తోంది. చేను చూడకుండా దీనికి జవాబు చెప్పేది మొక్కలమ్మేవాడొక్కడే. కలప చెట్టంటే పదిహేను ఇరవై ఏండ్ల లెక్క. ముందు ఒక వారం నేల చూడ్డానికి పెట్టండి. అదీ ఎండాకాలంలో, తొలకరికి ముందే.

ముందు చేనంతా తిరగండి. మన్ను రంగు ఎక్కడెక్కడ మారుతోందో ఒక కాగితం మీద గీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లను రెండే మాటలు అడగండి: పెద్దవాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? వాన మొహం చాటేసిన ఏడాది సెనక్కాయ ముందు ఎక్కడ వాడింది? ముందు వాడిన చోట సాధారణంగా మన్ను లోతు తక్కువ. సర్కారు తుమ్మ ఏపుగా ఉందని మాత్రం మురిసిపోకండి, అది చౌడులోనూ పెరుగుతుంది.

రంగు మారిన ప్రతి చోటా నాలుగడుగుల లోతు గుంత తవ్వించండి. అసలు పని ఇదే. గుంత గోడను గడ్డపారతో గీకి, పైనుంచి కిందికి చూడండి. గడ్డి వేర్లు ఎంత లోతుకు పోయాయి? రెండడుగులకే పలకబండ తగిలితే ఆ చోట టేకు ఆశ వదులుకోండి. పొడిస్తే పొడిపొడిగా చిట్లే మొరం అయితే అంత భయం లేదు, సందుల్లోకి వేరు దిగుతుంది. కడప దగ్గర పాలకొండలు, లంకమల రాళ్లలో ఎర్రచందనం సహజంగా పెరిగేది అలాగే. కాకపోతే పెరుగుదల చాలా నిదానం, చేవ, అంటే లోపలి గట్టి కలప, రావడానికి దశాబ్దాలు పడుతుంది.

తెల్లని గడ్డలు కనిపిస్తే వాటి మీద నిమ్మరసం పిండండి. నురుగు వస్తే సున్నం. కొద్దిగా ఉంటే పర్వాలేదు గానీ, గట్టి సుద్ద పొర ఉంటే వేరు అక్కడే ఆగిపోతుంది.

తర్వాత గుంత నిండా నీళ్లు పోయండి. మొదటిసారి ఎండిన మన్ను తాగేస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇంకిపోయాక మళ్లీ నింపండి. మర్నాటికీ నీళ్లు అలాగే నిలిచి ఉంటే టేకు, శ్రీగంధం, ఎర్రచందనం మూడూ అక్కడ వద్దు. ఆదోని వైపు నల్లరేగడిలో ఈ చిక్కు ఎక్కువ: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి వేర్లు తెంపుతుంది. అలాంటి నేలకు నల్లతుమ్మ నయం.

మట్టి పరీక్ష మామూలు పంటకు చేసినట్టు పైమన్నుతో సరిపెట్టొద్దు. ఒక్కో అడుగు లోతుకు ఒక్కో నమూనా, అరకిలో చొప్పున, విడివిడి సంచుల్లో కట్టి ఇవ్వండి. గట్ల పక్కన, ఎరువు దిబ్బ వేసిన చోట తీయొద్దు. పీహెచ్ (మన్ను పులుపా, క్షారమా చెప్పే కొలత) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే టేకుకు బాగుంటుంది. 8.5 దాటితే చౌడు కింద లెక్క. పైన జిప్సం చల్లితే పైమన్ను కొంత బాగుపడొచ్చు, మూడడుగుల కింద చౌడును బాగుచేయడం కష్టం.

నీళ్ల లెక్క. టేకు బాగా లావెక్కేది 1,200 మిల్లీమీటర్లు పైబడి వాన పడే చోట. అనంతపురంలో పడేది సుమారు 550. మిగతాది బోరు ఇవ్వాలి. నాలుగు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు దాదాపు 250 మొక్కలు. మొక్కకు వారానికి 20 లీటర్లు వేసుకున్నా 5,000 లీటర్లు, అదీ మొదటి రెండు మూడు ఎండాకాలాలు తప్పకుండా. బోరు ఎంత పోస్తుందో కార్తీకంలో కాదు, మే నెలలో చూడండి. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండుతుందో లెక్కపెడితే చాలు. ఉప్పునీళ్లు అనుమానముంటే నీళ్లనూ పరీక్షకు పంపండి.

శ్రీగంధానికి ఇంకో మెలిక ఉంది. అది పక్క చెట్టు వేర్ల నుంచి తిండి లాగుతుంది. కంది లాంటి తోడు మొక్క లేకుండా నిలవదు, ఆ తోడుకూ నీళ్లు లెక్కేసుకోవాలి. చేవ వచ్చాక దొంగల భయం వేరే.

కాగితాలు కూడా ఒకసారి చూసుకోండి: 1-బి (భూమి ఎవరిదో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), ఇంకా 22-ఏ అనే నిషేధిత భూముల జాబితాలో మీ సర్వే నంబరు ఉందా లేదా. సొంత పట్టాలోని ఎర్రచందనమైనా అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు.

తవ్విన గుంతల చుట్టూ ఆ సాయంత్రమే కంప వేయండి, మేకలు పడతాయి.